నొప్పి కాలి మీదే నిలబడండి

శ్రోతలకు నమస్కారం. తుంటి కీలు అరిగిందని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లు అనే మొదటి మాట: "ఇక నడవకు, మెట్లెక్కకు, కూర్చో." ప్రేమతో అన్నదే. కానీ రోజంతా కూర్చుంటే తుంటి చుట్టూ ఉన్న కండరాలు ఇంకా నీరసపడతాయి, కీలు ఇంకా బిగుస్తుంది.

కీలు గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉన్న జిగట ద్రవమే దానికి తిండి. బరువు పడి, బరువు తీసి, కదులుతూ ఉంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. వ్యాయామంతో అరిగిన గుజ్జు మళ్లీ వస్తుందని మాత్రం నేను చెప్పను, ఎవరైనా చెబితే మీరూ నమ్మకండి. నొప్పి కొంత తగ్గుతుంది, నడక కొంత తేలికవుతుంది. నా దృష్టిలో అది చిన్న లాభమేం కాదు.

ఈ పూట ఒక్క కండరం గురించే మాట్లాడతాను. పిరుదుకు పక్కగా, ప్యాంటు జేబు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అక్కడ ఉంటుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ కాసేపు ఒంటికాలి మీదే ఉంటాం కదా. అప్పుడు నడుము రెండో వైపుకు జారిపోకుండా పట్టి ఉంచేది ఇదే. దీని కష్టం తక్కువేం కాదు. తక్కెడలో ఒక కొమ్మ పొట్టిదైతే అటువైపు ఎక్కువ బరువు వేయాలి. ఇక్కడ తక్కెడకు మధ్య ఆధారం తుంటి కీలు, పొడవు కొమ్మ వైపు ఒంటి బరువు, ఆ పొట్టి కొమ్మ వైపు ఈ కండరం. ఒంటి బరువూ, కండరం లాగే బలమూ రెండూ కీలు మీదే పడతాయి. అందుకే 60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే తుంటి మీద 150 కిలోల దాకా భారం పడుతుంది.

కండరం నీరసిస్తే నడుము ఒక పక్కకు జారుతుంది, లేదా మనిషి నొప్పి ఉన్న వైపుకు ఊగుతూ నడుస్తాడు. 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ దీన్ని వివరించాడు. ఒంటికాలి మీద నిలబెట్టి చూసే పరీక్షకు ఇప్పటికీ ఆయన పేరే.

మరి వ్యాయామం? గట్టి బల్ల పట్టుకుని నిలబడి, కాలు పక్కకు ఎత్తడం. అందరూ నొప్పి కాలినే ఎత్తుతారు. అదీ చేయండి. కానీ ఆ తర్వాత నొప్పి కాలి మీద నిలబడి, బాగున్న కాలిని జానెడు ఎత్తండి. ఇప్పుడు ఎక్కువ కష్టపడుతున్నది ఎత్తిన కాలు కాదు, నేల మీద ఉన్న కాలు. మళ్లీ చెబుతున్నాను, నేల మీద ఉన్న కాలు. ఒళ్లు పక్కకు వంచకుండా, నెమ్మదిగా, ఎనిమిదో పదో సార్లు. నిలబడలేకపోతే బాగున్న వైపుకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తండి.

"నొప్పి వస్తే ఆపేయాలా?" అని అందరికీ టెన్షన్. కీళ్లు అరిగినవాళ్లకు వ్యాయామం నేర్పే గ్లాడ్ అనే కార్యక్రమం డెన్మార్క్‌లో 2013లో మొదలైంది. అందులో ఇలా చెబుతారు: నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. ఐదు దాటకుండా ఉండి, మర్నాటికి మామూలు స్థితికి వస్తే ఫరవాలేదు. రాకపోతే వ్యాయామం మానొద్దు, తగ్గించండి. అక్కడ వారానికి రెండుసార్లు, ఆరు వారాలు దగ్గరుండి చేయిస్తారు.

పడిపోయాక కాలు మోపలేకపోతున్నా, జ్వరంతో తుంటి నొప్పి వచ్చినా ఇవేవీ చేయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చేతికర్ర వాడేవాళ్లు దాన్ని నొప్పి ఉన్న వైపు కాకుండా రెండో చేతిలో పట్టుకోండి, ఈ కండరానికి పని తగ్గుతుంది.