నల్లగొండల ఇంత సముద్రం

నమస్కారం. ఇయ్యాల నేను మాట్లాడేది చేపల గురించి, కానీ తినే చేపల గురించి కాదు. ఈ మాట ముందే చెప్పాలె, ఎందుకంటే మా ఇంట్ల గాజు ట్యాంకు చూసి మా చిన్నమ్మ మొదలు అడిగిందే అది, "వీటిల ఏది కూరకొస్తది బిడ్డా" అని. ఏదీ రాదు చిన్నమ్మా అంటే, మరి రోజూ గింత సాకుడెందుకు అన్నది. ఎనిమిదేండ్లయింది, ఆ ప్రశ్నకు నేనింకా సరిగ్గ జవాబు చెప్పలే.

దీన్ని రీఫ్ ట్యాంక్ అంటరు. ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్ల మీద పువ్వుల్లెక్క విచ్చుకునే జీవాలు. అవి పువ్వులు కావు, జంతువులే, నోరుంటది, తింటయ్. సముద్రమే లేని తెలంగాణల, అందుల నల్లగొండల, ఇదేం పిచ్చి అంటరా, పిచ్చే, ఒప్పుకుంట.

నాది 200 లీటర్ల ట్యాంకు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు కలపాలె, వంటింటి ఉప్పు కాదు, క్యాల్షియం మెగ్నీషియం అన్నీ ఉన్న ప్యాకెట్ ఉప్పు వేరే వస్తది. వారానికి 20 లీటర్లు తీసి కొత్తయి పోస్త, అంటే వారానికి 700 గ్రాములు ఉప్పుకే. ఇంకోటి, నీళ్లు ఆవిరైతయ్ గని ఉప్పు ఆవిరి కాదు, పులుసు మరిగినకొద్దీ ఉప్పెక్కినట్టు ఇది కూడా ఎక్కుతది, అందుకే పొద్దున లేవంగనే చాయ్ కంటే ముందు, గాజు మీద స్కెచ్ పెన్నుతోని గీసిన గీత దాకా ఉత్త ఆర్వో నీళ్లు పోయాలె. మా జిల్లాల బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగ చెప్పేదేముంది, ఆర్వో మిషన్ మా ఇంట్ల చేపల కంటే ముందే ఉన్నది. తమాషా ఏందంటే సముద్రం నీళ్లల్ల కూడా లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉంటదట, అది చదివిన రోజు నాకు నవ్వాగలే, మనమూ సముద్రమూ ఒక్కటే అన్నట్టు. మరి బోరు నీళ్లే పోయొచ్చు కదా అంటే పోయొద్దు, వాటిల నైట్రేట్, సిలికా అసొంటివి ఉంటయ్, ట్యాంకంతా పాచి పడతది.

మొదట్ల నాలుగు నుంచి ఆరు వారాలు ట్యాంకుల చేప ఉండొద్దు. చేపలు విడిచే అమ్మోనియా వాటికే విషం, దాన్ని నైట్రైటుగ, నైట్రైటును నైట్రేటుగ మార్చే బ్యాక్టీరియా రాళ్లల్ల పెరగాలె. ఉత్త నీళ్లు, ఉత్త రాళ్లు, కరెంటు బిల్లు. చాలమంది ఈడనే చేపలేసి చంపుకొని, ట్యాంకు అమ్మేస్తరు. అసలు ఈ బతికున్న రాళ్ల ఉపాయం 1961ల జకార్తాల లీ చిన్ ఎంగ్ అనే ఆయన రాసి చెప్పిండు, సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, కొన్ని గాలి బుడగలు, అంతే, పెద్ద మిషన్లేం లేకుండ.

మధ్యల ఒక మాట. మన సముద్రాలల్ల రాతి పగడాలు తీయడం, అమ్మడం నేరం, 1972 వన్యప్రాణి చట్టంల పులి ఉన్న మొదటి షెడ్యూల్లనే అవి కూడ ఉన్నయ్, ఎవరన్న తక్కువకిస్త అంటే కొనకుండ్రి. నేను రాతి ఎముక లేని మెత్తటి జీవాలు, మష్రూమ్ కోరల్, జొయాంథిడ్లు, రెండు క్లౌన్ చేపలు, వీటితోనే ఉన్న. జొయాంథిడ్లు కొన్నిటిల పాలీటాక్సిన్ అనే పెద్ద విషం ఉంటది, గ్లౌజులు కండ్లద్దాలు లేకుండ ముట్టుకోవద్దు, అవి అంటుకున్న రాళ్లను ఉడకబెట్టుడు అసలే వద్దు.

ఇగ అసలు కథ. మూడేండ్ల కింద మే నెల, మిర్యాలగూడల పెండ్లికి పోయిన. మా గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఒక పగలు ఒక రాత్రి కరెంటు లేదు, ఇన్వర్టర్ ఎంతసేపని గుంజుతది. పంపులు ఆగినయ్, ఫ్యాన్ ఆగింది, 26 డిగ్రీలు ఉండాల్సిన నీళ్లు 33కు పోయినయ్, నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతది కదా. వచ్చి తలుపు తీస్తే ముందు వాసన, తర్వాత చూస్తే నీళ్లు బియ్యం కడిగిన కుడితి లెక్క. పెద్ద క్లౌన్ పోయింది. ఎర్ర మష్రూమ్ కరిగి దారాలు దారాలు తేలుతున్నది. చిన్న క్లౌన్ ఒక్కటి మూలకు పైకొచ్చి నోరు తెరుస్తున్నది.

ఆ రాత్రి ట్యాంకు అమ్ముదామనే అనుకున్న, ఫోటో కూడ తీసిన. మా నాయిన పొలంల నాలుగు బోర్లు ఏసిండు, మూడు ఎండినయ్. నాలుగోది ఏస్తుంటే మేమంతా వద్దన్నం, ఇంకొక్కటి ఏసి చూద్దాం అన్నడు. అప్పుడు తిట్టిన మనిషిని ఇప్పుడు నేనే బకెట్లు మోసుకుంట నీళ్లు మార్చబట్టిన.

ఆ మిగిలిన చిన్నది మగది. క్లౌన్ చేపలల్ల పెద్దది ఆడది, అది పోతే మగదే ఆడదైతది. చదివిన ముచ్చటే, కానీ కండ్లముందు అయితదా చూద్దామని ఆగిన. నెలలు పట్టింది. మెల్లగ లావెక్కింది, కొత్తగ తెచ్చిన చిన్నదాన్ని బెదిరించుడు పెట్టింది, ఏడాది దాటినంక రాయి పక్కన నారింజ రంగు గుడ్లు పెట్టింది. కొత్త మగది పగలంతా వాటికి రెక్కలతోని విసురుకుంట ఉన్నది.

ఎర్ర మష్రూమ్ మాత్రం పోయిందే పోయింది అనుకున్న. అప్పుడు మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు, "అన్నా, నువ్వు రెండేండ్ల కింద ఇచ్చిన ముక్క నా దగ్గర ఐదు అయినయ్, నీ ముక్క నువ్వు తీస్కపో." వానలు లేని ఏడు నారు పోతే పక్కూరోళ్లను అడిగి తెచ్చుకుంటం సూడుండ్రి, గట్ల. ఖర్చు కాదు, అందం కాదు, మనిషిని ఈ ట్యాంకు కాడ పట్టి ఉంచేది నా లెక్కల ఇదే, నీది నీ ఇంట్ల చచ్చినా ఇంకొకరి ఇంట్ల బతికే ఉంటది, అట్లనే ఇంకొకరిది నీ ఇంట్ల ఉంటది, ఇగ మానేస్త అంటే ఎట్ల మానేస్తవ్.

పోయిన నెల ఆ తమ్ముని ట్యాంకు పగిలింది. నేను ఆయన కాడ తెచ్చుకున్న ఎర్రదాన్ని బ్లేడుతోని నడిమికి కోసిన. మష్రూమ్‌కు జిగురు అంటదు, ఒళ్లంతా జారుడే, అందుకే ఒక గ్లాసుల చిన్న రాళ్లేసి ముక్కను పెట్టి పైన దోమతెర కట్టి వారం ఉంచితే అదే అతుకుతది. థర్మోకోల్ డబ్బాల పెట్టుకొని దేవరకొండ, కల్వకుర్తి మీదంగ బస్సుల పోతున్న. కల్వకుర్తి దాటలే, ఫోన్ మోగింది, చిన్నమ్మ.

"నీళ్లు గీత దాకా పోసిన బిడ్డా. గా ఎర్రది నువ్వు కోసినప్పటి సంది ముడుసుకోనే ఉన్నది, ఎప్పుడు ఇప్పుకుంటది?"