గోడ మీద ఎర్ర గీత పడితే: హైవే విస్తరణలో మన చేతిలో ఉండే 21 రోజులు

[స్క్రీన్ మీద: రోడ్డు పక్క ఇంటి గోడ. ఎర్ర పెయింటుతో ఒక గీత, పక్కన నంబరు]

అందరికీ నమస్తే. ఈ గీత ఎక్కడ పడిందో చూడండి. వరండా ఇవతల, వంటిల్లు అవతల. అంటే ఈ కొలత ఖాయమైతే వరండా, ముందు గదిలో సగం రోడ్డు కిందికి పోతాయి. అద్దెకిచ్చిన టీ అంగడి మొత్తం పోతుంది.

తడ నుంచి ఒంగోలు దాకా చెన్నై-కోల్‌కతా హైవే పక్కన ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఇప్పుడు లోపలి రోడ్ల పక్కన ఉన్నవాళ్లకూ ఇదే టెన్షన్. గీత పడ్డ మర్నాడే ఊరంతా రోడ్డెక్కుతుంది. టెంటు వేస్తారు, ధర్నా చేస్తారు, ఎమ్మెల్యే గారికి వినతిపత్రం ఇస్తారు. ఇవన్నీ చేయాల్సిందే, నేను కాదనను. కానీ ఇవన్నీ చేసి కూడా ఆర్డీవో ఆఫీసులో ఒక్క కాగితం ఇవ్వకపోవడం వల్ల ఓడిపోతున్నాం. ఈ వీడియో ఆ కాగితం గురించే.

[స్క్రీన్ మీద: జాతీయ రహదారుల చట్టం, 1956. సెక్షన్ 3ఎ, 3సి, 3డి]

జాతీయ రహదారికి భూమి తీసుకోవాలంటే ముందు 3ఎ నోటిఫికేషన్, అంటే ఈ భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన ఇవ్వాలి. అది ప్రభుత్వ అధికార పత్రిక అయిన గెజిట్‌లో వస్తుంది. దాని సారాంశం రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి తెలుగు పేపరు. "మాకు నోటీసు రాలేదబ్బా" అని చాలామంది అంటుంటారు. ఈ దశలో ఇంటికి నోటీసు వస్తుందని కూర్చోవద్దు, పేపర్లో పడిందంటే చెప్పినట్టే లెక్క.

గెజిట్ వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది 3సి. ఇచ్చినవాళ్లను పిలిచి విచారణ జరపాలి. మీరే వెళ్లి మాట్లాడొచ్చు, లాయరును పంపొచ్చు. ఆ తర్వాత 3డి ప్రకటన వస్తుంది. అది గెజిట్‌లో పడిన క్షణం నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది. ఇక "తీసుకోవద్దు" అనే మాటకు ఆ ఆఫీసులో చోటు లేదు, "ఎంత ఇస్తారు" అన్నదే మిగులుతుంది. ధర్నా ఎంత గట్టిగా జరిగినా ఈ గడువు ఆగదు. మన ఊళ్లలో పోరాటం చాలాసార్లు జేసీబీ వచ్చిన రోజు మొదలవుతుంది. అప్పటికి నెలలు దాటిపోయి ఉంటాయి.

నోటిఫికేషన్ చదవడం కూడా ఒక పనే. సర్వే నంబరు, సబ్‌డివిజన్ సరిపోయాయో లేదో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), అడంగల్ పక్కన పెట్టుకుని చూడండి. మనం నెల్లూరులో అంకణాల్లో లెక్కేస్తాం, అక్కడ హెక్టార్లు, చదరపు మీటర్లు ఉంటాయి. మన అంకణం 72 చదరపు అడుగులు. 40 చదరపు మీటర్లని రాసి ఉంటే దాదాపు 6 అంకణాలు పోతున్నట్టు. ఆ అంకె చిన్నగా కనిపించి వదిలేస్తే అందులో ఒక అంగడి గది పోతుంది.

అభ్యంతరంలో "మాకు అన్యాయం జరుగుతోంది" అని మాత్రమే రాస్తే ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. మా ఇంటి వైపు కాకుండా ఎదురుగా ఖాళీ పోరంబోకు ఉంది, వెడల్పు అటు జరపొచ్చు అని స్కెచ్‌తో రాయండి. ఊరి బయట బైపాస్‌కు దారి ఉంటే అది గీసి చూపించండి.

నీటి సంగతి వేరుగా, గ్రామసభ తీర్మానంతో హైవే ప్రాజెక్టు డైరెక్టరుకు ఇవ్వండి. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మనది నవంబరులో మునిగే నేల. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద హైవే కోసుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి, రైలు కట్ట కూడా కొట్టుకుపోయింది. రోడ్డు ఎత్తు పెంచి తూములు చాలినన్ని పెట్టకపోతే పైనుంచి వచ్చే చెరువు నీళ్లు ఎక్కడికి పోతాయి? ఏ కాలువ ఎక్కడ రోడ్డు దాటుతుందో సర్వేకు వచ్చిన కుర్రాడి కంటే ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరుకట్టుకు బాగా తెలుసు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. బడి పిల్లలు, గేదెలు రోడ్డు దాటే చోట అండర్‌పాస్ కూడా అప్పుడే అడగాలి. పని మొదలయ్యాక అడిగితే డిజైన్‌లో లేదంటారు.

ఇక పరిహారం. 2015 నుంచి హైవేలకు తీసుకునే భూమికి కూడా 2013 భూసేకరణ చట్టం లెక్కే వర్తిస్తుంది. మార్కెట్ విలువ, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే మన ఇష్టం లేకుండా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. ఇంటికి, చెట్లకు వేరే లెక్క. అయితే మార్కెట్ విలువ కట్టేది రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు, చుట్టుపక్కల అమ్మకం దస్తావేజులు చూసే. ఖర్చు తగ్గుతుందని తక్కువ రేటుకు రాయించుకున్న ఆ దస్తావేజులే ఇప్పుడు మన మెడకు చుట్టుకుంటున్నాయి. పక్క ఊళ్లో ఎక్కువ రేటుకు రిజిస్టరైన దస్తావేజులు ఉంటే నకళ్లు తీసి పెట్టండి.

అద్దెకున్న టీ అంగడి ఆయన్ని చాలా ఊళ్లలో అందరూ మరిచిపోతారు, ఇంటి ఓనరుతో సహా. హైవే చట్టంలోని సెక్షన్ 3జి కింద పరిహారం లెక్కగట్టే ముందు మళ్లీ పేపరు ప్రకటన వస్తుంది, హక్కు ఉన్నవాళ్లంతా రమ్మని. వ్యాపారం వేరే చోటికి మార్చుకోవాల్సి వస్తే అందుకయ్యే న్యాయమైన ఖర్చు కూడా ఆ సెక్షన్‌లో ఉంది. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు పట్టుకుని ఆయన కూడా క్లెయిమ్ వేయాలి. ఓనరు వెంట వెళ్తే ఇంకా మంచిది.

ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, స్టాంపు ఉన్న రసీదు తీసుకోండి. పరిహారం చాలదనిపిస్తే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తిగా తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆయన పెంచితే, భూమి స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఆ పెరిగిన మొత్తం మీద ఏడాదికి 9 శాతం వడ్డీ ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి.