పోలవరం నిర్వాసితుల మనోధైర్యం

సభకు నమస్కారం. నిర్వాసితుల మానసిక స్థితి ప్రస్తావనకు రాగానే మన ఆలోచన కౌన్సెలింగు వైపు, మందుల వైపు వెళుతుంది. పోలవరం ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు చేరిన కోయ, కొండరెడ్డి గిరిజన కుటుంబాల విషయంలో ముందుగా చూడవలసింది ఊరు ఊరుగా మిగిలిందా లేదా అన్నది.

గోదావరి గట్టున ఈ కుటుంబాల ఏడాది అడవిని బట్టి నడిచేది. ఎండలు ముదరకముందే బుట్టలతో వెళ్లి ఇప్పపువ్వు ఏరడం, అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టడం, మామిడి పండుగ జరిపేదాకా కొత్త కాయ నోట పెట్టకపోవడం, ఇవన్నీ జీవనాధారమూ ఆచారమూ ఇరుగుపొరుగూ విడదీయలేనంతగా కలిసిపోయిన పనులు. కాలనీలోని శ్లాబు ఇల్లు, కరెంటు చిన్న విషయాలని నేను అనను. అడవి జీవితంలోని కష్టం తెలియనివారే దాన్ని స్వర్గమంటారు. అయితే పూజారి ఒక కాలనీలో, ఆయన మాట మీద పండుగ చేసుకునే ఇళ్లవారు మరో కాలనీలో ఉంటే ఆ మామిడి పండుగ ఎవరు జరపాలి?

నిర్వాసితులకు వాటిల్లే ముప్పులను ఎనిమిదిగా గుర్తించిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా, భూమి, పని, ఇల్లు కోల్పోవడంతో పాటు సామాజిక బంధాలు తెగిపోవడాన్నీ వాటిలో చేర్చారు. నష్టపరిహారం పట్టికలో భూమికి గడి ఉంటుంది, ఈ బంధాలకు ఉండదు.

దీనికి తోడు ఎదురుచూపు ఒకటి. జలాశయంలో నీటిని మొదట 41.15 మీటర్ల వరకు, చివరకు 45.72 మీటర్ల వరకు నిలపాలన్నది ప్రణాళిక. ఈ రెండు మట్టాల నడుమ ఉన్న ఊళ్లలో, నీరు ఎప్పుడు చేరుతుందో తెలియక, కారుతున్న ఇంటికప్పు బాగుచేయించుకోవాలా వద్దా అన్నది కూడా తేలని ప్రశ్నే. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ముంపు భయం మరింత పెరిగింది. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి ధైర్యంగా ఉండమని చెప్పడం, తేల్చవలసినవారి బాధ్యతను అతని నెత్తిన పెట్టడమే.

2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ గిరిజన కుటుంబాలకు వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, వారి భాష, సంస్కృతి నిలిచేలా అందరికీ ఒకేచోట పునరావాసం కల్పించాలంటుంది. నా దృష్టిలో అది మానసిక ఆరోగ్య నిబంధన కూడా. తీవ్రమైన కుంగుబాటుకు, ఆత్మహత్య ఆలోచనలకు వైద్యుడి సాయం తప్పనిసరి. అందులో సందేహం లేదు. కానీ ఇంటింటికీ వెళ్లే కార్యకర్తలు నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగే కాగితంలో మరో రెండు ప్రశ్నలు చేర్చాలి: పాత ఊళ్లో మీ పక్కింటివారు ఇప్పుడు ఎక్కడున్నారు, నిరుడు పండుగ ఎవరితో చేసుకున్నారు? ఆ జవాబులు వైద్యశాఖకే కాక, ప్లాట్లు కేటాయించే అధికారులకూ చేరాలి.