మన సముద్రంలో పొద్దు గుంకదు

శ్రోతలందరికీ నమస్కారం.

కొన్నాళ్ళ క్రితం జగదాంబ జంక్షన్ దగ్గర ఒక హాల్లో సినిమా చూస్తున్నాను. కథ మన విశాఖపట్నంలోనే నడుస్తుంది. హీరో ఆర్కే బీచ్‌లో ఇసక మీద ఒంటరిగా కూర్చున్నాడు. తండ్రి పోయిన రోజు. ఎదురుగా ఎర్రటి సూర్యుడు మెల్లగా సముద్రంలోకి దిగిపోతున్నాడు. నా పక్క సీట్లో ఉన్న పెద్దావిడ కూతురి వైపు తిరిగి, "మన సముద్రంలో పొద్దు గుంకడమేటే?" అంది. ఆ మాట అటు నాలుగు సీట్లు, ఇటు నాలుగు సీట్లు వినపడింది. ఆ తర్వాత ఆ అబ్బాయి ఎంత బాగా నటించినా మా వరసలో ఎవరి మనసూ అతని దుఃఖం మీద నిలవలేదు.

మనది తూర్పు తీరం. సూర్యుడు బంగాళాఖాతంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి వెళ్ళిపోతాడు. పొద్దు వాలే వేళ బీచ్ రోడ్డు మీద నిలబడితే మన నీడ నీళ్ళ వైపు సాగుతుంది. డిసెంబరు మొదట్లో అయితే సాయంత్రం ఐదూ ఇరవైకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. ఇవన్నీ ఇక్కడ పుట్టిన పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మరి సినిమా వాళ్ళు ఎందుకు పొరబడతారు? చాలాసార్లు తెలియక కాదు. సాయంత్రం బీచ్‌లో జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది. అందుకని పొద్దున్నే తీసి, కథలో సాయంత్రం అని చెప్పేస్తారు. సూర్యుడు కిందికి దిగాలంటే ఆ షాట్‌ని వెనక్కి నడిపిస్తే చాలు. కాకపోతే అలలు కూడా వెనక్కి పోతాయి. అందుకే అలాంటి షాట్లలో అలలు కనపడకుండా జాగ్రత్తపడతారు. అలల గురించి అంత ఆలోచించినవాళ్ళు దిక్కు గురించి కూడా ఆలోచించి ఉండాల్సింది అనిపిస్తుంది నాకు.

నేను కొన్నేళ్ళు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. కంటిన్యుటీ చూడటం, అంటే ఒక షాట్‌లో ఉన్నవి తర్వాతి షాట్‌తో కలుస్తున్నాయా లేదా చూడటం, నా పని. సినిమాని కథ వరసలో తీయరు. అమ్మాయి గుమ్మం తోసుకుని లోపలికి వచ్చే సీన్ ఉందనుకోండి. బయటి భాగం మార్చిలో భీమిలిలో ఒక పాత పెంకుటింటి ముందు తీస్తారు. లోపలి భాగం జూన్‌లో హైదరాబాద్‌లో సెట్ వేసి తీస్తారు. తెర మీద రెండు క్షణాలు, మా లెక్కలో మూడు నెలలు. బ్యాగు ఏ భుజానికి ఉంది, బొట్టు ఎంత, జుట్టు తడిగా ఉందా, చెప్పులు విప్పి వచ్చిందా, అన్నీ పుస్తకంలో రాసుకోవాలి. స్టిల్ ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు కడిగి చేతికి వచ్చేదాకా ఆ పుస్తకమే ఆధారం. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో టకటకా ఫోటోలు తీసుకుంటున్నారు, ఆ టెన్షన్ కొంత తగ్గింది.

ఇద్దరు కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకునే సీన్ ఇంకా కష్టం. లైటింగ్ ఒకసారి ఒకవైపు పెట్టాక ఆ వైపు షాట్లన్నీ అయిపోవాలి. మధ్యలో భోజనాలు. తర్వాత లైట్లు మార్చి రెండో మనిషి వైపు షాట్లు. ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారు, ఏ మాట దగ్గర దించారు, అందులో టీ ఎంత ఉంది అన్నది రెండు వైపులా కలవాలి. గోడ గడియారం ఉంటే తీసేస్తాం, లేదంటే ముల్లు ఆపేస్తాం.

ఒకసారి సంక్రాంతి సీన్ తీస్తున్నాం, ఏప్రిల్ నెలలో. తల్లి పాత్ర వేసినావిడ పొద్దున్న కనకాంబరాలు పెట్టుకుంది. నేను పుస్తకంలో "తలలో పూలు" అని రాశాను, ఏ పూలో రాయలేదు. మధ్యాహ్నానికి ఆ దండ వాడిపోయింది. ఎవరో పూర్ణా మార్కెట్ నుంచి తాజా దండ తెచ్చారు. ఏప్రిల్ కదా, మల్లెపూలు. సినిమా విడుదలయ్యాక మా అమ్మతో కలిసి చూశాను. తల్లి వంటింట్లోంచి కనకాంబరాలతో బయల్దేరి హాల్లోకి మల్లెపూలతో వచ్చింది. మా అమ్మ గమనించింది అది కాదు. "సంక్రాంతికి మల్లెలు ఎక్కడివిరా?" అని అడిగింది. మల్లెలు ఎండాకాలం పూలు. ఒక్క దండలో రెండు తప్పులు. నేను ఒకదాని గురించే భయపడుతూ కూర్చున్నాను, ఆవిడకి రెండోది కనపడింది.

అప్పటి నుంచి ఈ రెండు రకాల తప్పుల్నీ నేను వేరువేరుగా చూస్తాను. దండ మారడం, గ్లాసులో టీ పెరగడం, చేతికి కట్టు ఎడమ నుంచి కుడికి వెళ్ళడం, ఇవి పనిలో దొర్లేవి. ఎడిటర్ ముందు ఐదు టేకులు ఉంటాయి. కన్నీళ్ళు నిజంగా వచ్చిన టేకులో కొంగు కలవదు, కొంగు కలిసిన టేకులో కన్నీళ్ళు ఉండవు. కన్నీళ్ళనే ఎంచుకుంటారు, అదే సరైనది కూడా. చూసేవాళ్ళూ క్షమిస్తారు. కానీ ఒక ఊరి గురించి, ఒక వృత్తి గురించి చెప్పే తప్పు అలాంటిది కాదు. ఆ ఊరివాళ్ళకి నమ్మకం పోతుంది, తెలియనివాళ్ళు అదే నిజం అనుకుంటారు.

చేపల వేటనే తీసుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. అయినా కథలో మే నెల ఎండలో, చెల్లి పెళ్ళి పెట్టుకుని, హీరో పెద్ద బోటేసుకుని వేటకి వెళ్ళి వలనిండా చేపలతో వస్తాడు. అదే రోజుల్లో మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. కొందరు చెక్కకి రంగులు వేస్తుంటారు, కొందరు నీడన కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంటారు. రెండు నెలలు వేట లేదు, ఇంట్లో పెళ్ళి ఉంది, అప్పు ఎవరు ఇస్తారు? అసలు కథ అక్కడ ఉంది. చేతికి అందిన కథని వదిలేసుకున్నారన్నదే నా బాధ. ఇక ఆ జాలరి కుర్రాడు గోదావరి జిల్లాల యాస మాట్లాడటం, "ఏటి" అన్న మాట నవ్వించే పాత్రకి మాత్రమే ఇవ్వడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. మన యాసలో ఏడవచ్చు, పోట్లాడవచ్చు, ప్రేమించవచ్చు.

కాలం తప్పులు కూడా ఉంటాయి. 1971 యుద్ధం నాటి కథలో బీచ్ ఒడ్డున కురుసుర జలాంతర్గామి కనపడకూడదు. అది 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, 2002లో మ్యూజియం అయింది. అలాగే 1975 నాటి కారుకి ఏపీ 31 నంబరు ఉండదు, ఆ పద్ధతి 1989లో వచ్చింది. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్యకి పోలీసు సెక్షన్ 302 అనకూడదు, కొత్త చట్టంలో అది 103. మన కోర్టుల్లో జడ్జిగారు సుత్తి కొట్టరు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆసుపత్రి సీను. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోతుంది, డాక్టర్ షాక్ ఇస్తాడు, మనిషి లేచి కూర్చుంటాడు. పూర్తిగా ఆగిన గుండెకి ఆ షాక్ పనిచేయదు. గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నప్పుడు ఇచ్చేది అది. ఆగిపోయినప్పుడు చేయాల్సింది ఛాతీని ఆపకుండా నొక్కడం, మందు ఎక్కించడం. ఇంట్లో ఎవరైనా కుప్పకూలితే ఛాతీ నొక్కాలని జనానికి తెలియజేయగల సీను అది. దాన్ని పాడుచేసుకుంటున్నాం.

దిద్దుకున్నవాళ్ళూ ఉన్నారు. టైటానిక్ సినిమాలో ఓడ మునిగిన రాత్రి ఆకాశంలో నక్షత్రాలు తప్పుగా ఉన్నాయని నీల్ డిగ్రాస్ టైసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పారు. 2012లో ఆ సినిమాని మళ్ళీ విడుదల చేసినప్పుడు దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆ ఆకాశాన్ని మార్చారు. పదిహేనేళ్ళ తర్వాత, ప్రపంచమంతా చూసేసిన సినిమాలో! నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ రోజు హాల్లో ఇంటర్వెల్‌లో ఆ పెద్దావిడతో మాట్లాడాను. వాళ్ళది జాలరిపేటట. ఎండుచేపలు అమ్ముతుందట. సినిమా వాళ్ళు మిమ్మల్ని ఏమైనా అడిగారామ్మా అన్నాను.

"మా ఇంటి ముందరే పది రోజులు షూటింగ్ చేసినారు బావూ. తాగడానికి మంచినీళ్ళు అడిగినారు, ఇచ్చాం. ఇంకేటీ అడగలేదు."