మంగలికత్తితో గడ్డం గీసుకోవడం: నాలుగు నెలల తర్వాత నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, ఇదే ఆ కత్తి. నాలుగు నెలల కిందట డబ్బా తెరిచి చూపించినప్పుడు మీలో చాలామంది ఒకటే మాట అన్నారు, కొత్త వస్తువు ఎవరికైనా బాగానే ఉంటుంది, కొన్నాళ్లు వాడి అప్పుడు చెప్పు అని. సరైన మాటే. అందుకే ఇన్నాళ్లు ఆగాను. రోజు మార్చి రోజు వాడుతూ యాభైకి పైగా షేవింగ్‌లు అయ్యాయి దీంతో. మూడుసార్లు గట్టిగా కోసుకున్నాను, కత్తి అంచుని సరిచేసే తోలుపట్టీ ఒకటి పాడుచేశాను, ఒకసారి బ్లేడుకి తుప్పు పట్టించాను. ఏదీ దాచకుండా చెప్తాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొచ్చేవి ఆ తప్పులే.

అన్నిటికంటే ముందు ఇది వినండి, మిగతా వీడియో చూడకపోయినా పర్లేదు. కొత్తవాళ్లు కోసుకునేది కత్తి మరీ పదునుగా ఉండటం వల్ల అనుకుంటారు కదా, నా అనుభవంలో పదును చాలకపోవడం వల్లే ఎక్కువ. మొద్దు కత్తి వెంట్రుకని కొయ్యదు, పీకుతుంది. పీకుతోంది కదా అని మనం కాస్త నొక్కుతాం, నొక్కినా తెగకపోతే కత్తిని ఇంకాస్త నిలువుగా లేపుతాం, ఆ రెండూ కలిసిన క్షణంలో చర్మం తెగుతుంది. నేను మొదట ఆన్‌లైన్‌లో 900 రూపాయలకి, బ్లేడు మీద అలలు అలలుగా డిజైన్ ఉన్నది కొన్నాను, ఫోటోలో చాలా అందంగా ఉంది. ఇంటికొచ్చాక చూస్తే అంచు కూరగాయలు తరిగే కత్తికంటే కొంచెం నయం, అంతే. అది నూరితే దారికి వచ్చే రకం కూడా కాదు, వెన్ను, అంటే అంచుకి ఎదురు వైపు ఉండే మందపాటి భాగం, ఒక దగ్గర మందం, ఒక దగ్గర పలచన. మంగలికత్తి ఏదైనా రాయి మీద నూరేటప్పుడు వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనాలి, ఏ కోణంలో నూరాలో నిర్ణయించేది ఆ వెన్నే. వెన్ను వంకరైతే అంచు ఎప్పటికీ సరిగ్గా రాదు. అది కొన్న వారం రోజులు మెడంతా మంటే. దయచేసి అలాంటిది కొనకండి.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది జర్మనీలో సోలింగెన్ అనే ఊళ్లో తయారైంది. ఆ ఊరికి కత్తులే పేరు, 2012 నుంచి ఊరి పేరుతో పాటు కత్తుల నగరం అని అధికారికంగానే రాసుకుంటున్నారు. ఎక్కడో చేసి బ్లేడు మీద సోలింగెన్ అని ముద్ర కొట్టుకోకుండా 1938లోనే అక్కడ చట్టం తెచ్చారు. ఫ్రాన్స్‌లో థియర్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ కూడా ఇలాంటి ఊళ్లే, షెఫీల్డ్‌వి పాత కత్తులు ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. దీని వెడల్పు 5/8, అంటే అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఐదు, సుమారు 16 మిల్లీమీటర్లు. కొత్తవాళ్లకి ఇదే సైజు మంచిది, మరీ వెడల్పు ఉంటే ముక్కు కింద తిరగదు. ఇంకోటి, కొస చూడండి, గుండ్రంగా ఉంది. చదరంగా, మూల తేలి ఉండేది కొనకండి, ఆ మూల చెవి దగ్గర, పెదవి దగ్గర ఎప్పుడు గుచ్చుకుంటుందో తెలియదు. కొనేటప్పుడు అమ్మేవాళ్లని తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఇది చేత్తో నూరి, నేరుగా గడ్డానికి పెట్టుకునేలా ఇస్తున్నారా, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఇస్తున్నారా అని. మంచి పేరున్న కత్తులు కూడా చాలావరకు ఫ్యాక్టరీ పదునుతో వస్తాయి, అది చాలదు.

ఖర్చు. కత్తి నాకు సుంకంతో కలిపి 14 వేలు పడింది, తోలుపట్టీ 2,500, బ్రష్షూ సబ్బూ కలిపి 800. డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెప్తే ఆ లెక్క తేలడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆదా కోసమే అయితే మామూలు సేఫ్టీ రేజర్ కొనుక్కోండి, రెండు వైపులా పదునుండే బ్లేడు వేసుకునేది, హాయిగా ఉంటుంది.

మరి నేర్పేది ఎవరు? ఇది నాకు పెద్ద ఇబ్బంది అయింది. మా నాన్నకి రాదు, మా తాతయ్యకీ రాదు. అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే ఆయనకి సేఫ్టీ రేజర్ మీద పేటెంట్ వచ్చింది 1904లో, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సైనికులకి అవే ఇచ్చింది, ఆ తర్వాత ఇంట్లో ఈ కత్తి పట్టే అలవాటు ప్రపంచమంతా తగ్గిపోతూ వచ్చింది. మన దగ్గర అయితే ఇది ఎప్పుడూ ఇంటి వస్తువు కాదు, పనితనం తెలిసిన మనిషి చేతిలో ఉండే వస్తువు. ఆ సెలూన్లలో కూడా ఎయిడ్స్ గురించి అందరికీ తెలిశాక ఒక్కొక్కరికి కొత్త బ్లేడు వేయడం మొదలైంది, మడత కత్తి అలాగే ఉంది కానీ అందులో సగానికి విరిచిన బ్లేడు దూర్చుతారు. దాన్నే షావెట్ అంటారు.

మాది విశాఖ. మా వీధి చివర సెలూన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచి నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో అసలు కత్తే వాడారు. నా కత్తి తీసుకెళ్లి చూపిస్తే గడ్డం దగ్గరికి రానివ్వలేదు. "ముందు తోలు మీద చెయ్యి తిరగాలి బాబూ, బుగ్గ సంగతి తర్వాత" అన్నారు. ఒక పాత బెల్టు గోడ మేకుకి తగిలించి, వెన్న రాసే మొద్దు కత్తి చేతికిచ్చి పది రోజులు అదే చేయించారు. నాకు అప్పుడు కొంచెం విసుగొచ్చింది, నిజం చెప్తున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన నాకు చేసిన మేలు అదే.

ఎందుకో చెప్తాను. 2020లో అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు షేవింగ్ బ్లేడు ఎలా అరుగుతుందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. వెంట్రుక ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన, అయినా వెంట్రుక వంగి ఒక వాటంలో తగిలినప్పుడు ఉక్కు అంచు చిన్న చిన్న పెంకులుగా ఊడుతోందని తేలింది. వాళ్లు చూసింది పారేసే రేజర్ బ్లేడ్లే, కానీ మన కత్తి అంచు కూడా ఉక్కే, దాన్నీ ప్రతి షేవింగ్ కంటికి కనిపించనంతగా వంచుతుంది, అరగదీస్తుంది. వంగినదాన్ని తోలు మళ్లీ సరిచేస్తుంది, అందుకే ప్రతిసారీ గీసుకునే ముందు తోలు మీద ఆడించాలి. పట్టీకి ఒక వైపు గుడ్డ, ఒక వైపు తోలు ఉంటాయి, నేను గుడ్డ వైపు 20 సార్లు, తోలు వైపు 50 సార్లు ఆడిస్తాను. ఇక్కడ దగ్గరగా చూడండి. వెన్ను ముందు వెళ్తుంది, అంచు వెనకాల వస్తుంది. చివరికి వచ్చాక తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి, అంచు మీద దొర్లిస్తే తోలు తెగుతుంది, ఇదిగో నా మొదటి పట్టీ మీద మూడు గాట్లు, మూడూ వేగంగా చేయబోయి పడినవే. సెలూన్‌లో టకటకా ఆడిస్తుంటే చూసి మనకీ అలా చేయాలనిపిస్తుంది, ఆ వేగం వాళ్లకి ఏళ్ల తరబడి చేస్తే వచ్చింది. పట్టీని బిగించి పట్టుకోండి, నొక్కకండి. పట్టీ ఉయ్యాలలా వదులుగా ఉంటే అంచు గుండ్రబడిపోతుంది, ఆ తర్వాత మీరు ఎంత జాగ్రత్తగా గీసినా పీకుతూనే ఉంటుంది, కత్తి బాగోలేదేమో అనుకుంటారు.

సరే, ఇక గడ్డం. వేడినీళ్ల స్నానం అయ్యాక మాత్రమే, వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలైనా కావాలి. డబ్బా ఫోమ్ నాకు పనికి రాలేదు, మనం నెమ్మదిగా చేస్తాం కాబట్టి సగం ముఖం అయ్యేసరికి ఎండిపోతుంది. బ్రష్షుతో సబ్బు నురగ గట్టి పెరుగులా వచ్చేదాకా తిప్పండి. నాకు మొదట్లో నురగే నిలిచేది కాదు, సబ్బు మార్చాను, బ్రష్ మార్చాను, చివరికి తేలిందేంటంటే మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. ఇప్పుడు ఒక గ్లాసు తాగే నీళ్లు పక్కన పెట్టుకుంటున్నాను. ఫ్యాన్ కూడా ఆపేయండి.

పట్టుకోవడం ఇలా. బొటనవేలు బ్లేడుకీ పిడికీ మధ్య ఉన్న ఈ కాడ కింద, మూడు వేళ్లు కాడ మీద, చిటికెనవేలు ఈ తోక మీద. బ్లేడుని బుగ్గ మీద పడుకోబెట్టండి, వెన్నుని దాని మందానికి ఒకటిన్నర, రెండు రెట్లు లేపండి, దాదాపు 30 డిగ్రీలు వస్తుంది. ఒక్కో గీత రెండు మూడు సెంటీమీటర్లు చాలు. ఇక్కడ ప్రాణంలాంటి విషయం ఒకటుంది, కత్తి ఎప్పుడూ అంచు చూసే వైపుకే నేరుగా కదలాలి, అంచు పొడవునా పక్కకి జరగకూడదు. ఉల్లిపాయ కోసేటప్పుడు కత్తిని ముందుకీ వెనక్కీ లాగుతాం కదా, చర్మం మీద అదే కదలిక పావు అంగుళం జరిగినా తెగుతుంది. నా ముఖం మీద పడ్డ మూడు గాట్లలో రెండు అలా పడ్డవే.

రెండో చెయ్యి సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు, కానీ సగం పని దానిదే. కుడి బుగ్గ గీసేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి చెవి ముందు చర్మాన్ని పైకి లాగి పట్టాలి. చర్మం డప్పు తోలులా బిగిస్తే కత్తి సర్రున వెళ్తుంది, దీని బ్లేడు రెండు వైపులా లోపలికి వంపు తిరిగి పలచగా ఉంటుంది కాబట్టి వెంట్రుకలు తెగే శబ్దం పైకే వినిపిస్తుంది, సన్నగా గీరుతున్నట్టు. ఆ శబ్దం ఆగి బరబరమంటే కోణం తప్పిందని అర్థం. నేను ఇప్పుడు అద్దం కంటే చెవినే ఎక్కువ నమ్ముతున్నాను. వేళ్లు తడిగా ఉంటే జారతాయి, చిటికెడు పటిక పొడి అద్దుకోండి. పటిక ఎలాగూ ఇంట్లో ఉండాలి, దిష్టికి గుమ్మానికి కట్టే పటికే, కిరాణా కొట్లో దొరుకుతుంది. షేవింగ్ అయ్యాక తడి ముఖం మీద రుద్దితే ఎక్కడ మండిందో అక్కడ ఆ రోజు నొక్కి గీశారని తెలిసిపోతుంది.

మొదటి మూడు వారాలు నేను బుగ్గలు మాత్రమే గీసి, మిగతాదంతా సేఫ్టీ రేజర్‌తో పూర్తి చేశాను. మీరూ అలాగే చేయండి, ఇందులో పరువు తక్కువేం లేదు. తర్వాత మెడ. మెడ మీద వెంట్రుకలు ఎటు పడితే అటు మొలుస్తాయి, రెండు రోజులు పెరగనిచ్చి వేలితో నిమిరి చూస్తే తెలుస్తుంది, నాకైతే ఎడమ పక్క అడ్డంగా ఉన్నాయి. మొదటిసారి వెంట్రుక పడుకున్న వైపుకే, రెండోసారి అడ్డంగా, అంతే. ఎదురు గీయడం ఇప్పటికీ నేను మొదలుపెట్టలేదు. గడ్డం కింద ఎముక తిరిగే చోటు అన్నిటికంటే కష్టం, నాలుగో నెలలో గానీ నాకు లొంగలేదు.

షావెట్‌తో నేర్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. నేను ఇది రాకముందు రెండు నెలలు షావెట్టే వాడాను. 200 రూపాయల్లో వస్తుంది, నూరే పని లేదు, తోలు పని లేదు. కానీ అది ఈ కత్తికంటే తేలిక అనుకోకండి. బరువుండదు కాబట్టి చేయి నొక్కాలనుకుంటుంది, అంచు బిరుసుగా, మరీ తీక్షణంగా ఉంటుంది, చిన్న తప్పుకి కూడా రక్తం వస్తుంది. అసలు కత్తి కొంత క్షమిస్తుంది. అయినా నా సలహా ఏంటంటే ముందు షావెట్‌తో రెండు నెలలు బుగ్గలు చేయండి, ఇష్టం నిలిచిందనుకుంటేనే 14 వేలు పెట్టండి.

కొన్ని హెచ్చరికలు, ఇవి గట్టిగానే చెప్తున్నాను. కత్తి చేయి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. బ్లేడు పోతే ఇంకోటి వస్తుంది. నేను వాష్‌బేసిన్‌లో మడతపెట్టిన తువ్వాలు వేస్తాను. పిల్లలున్న ఇంట్లో తాళం పడే చోట పెట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ముఖం నిండా మొటిమలున్నవాళ్లు దీని జోలికి రావద్దు. అలాగే మీ కత్తి మీది మాత్రమే, ఎవరికీ ఇవ్వకండి. ఇంకోటి, మొద్దుబారిందని వీధిలోకి వచ్చే సాన పట్టేవాళ్లకి ఇవ్వొద్దు. ఆ చక్రం కొడవలికీ కత్తిపీటకీ మంచిది, ఈ పలచటి అంచు దాని కింద ఒక్క నిమిషంలో నాశనమవుతుంది.

ఇక తుప్పు. ఇది కార్బన్ స్టీల్, తొందరగా తుప్పు పట్టే ఉక్కు, పైగా మాది సముద్రపు గాలి. ఒక ఆదివారం తుడిచాననుకుని అలాగే మూసేశాను, మంగళవారానికి అంచుకి కాస్త పైన నల్లటి చుక్క వచ్చింది, ఇక్కడ, వెలుతురులో కనిపిస్తోంది చూడండి. అంచు వరకూ పోలేదు, అదృష్టం. అప్పటి నుంచి కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పది నిమిషాలు తెరిచి ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి అప్పుడే మూస్తున్నాను, మళ్లీ వాడే ముందు ఆ నూనె తుడిచేసి కడుగుతాను. బాత్రూమ్‌లో అసలు పెట్టడం లేదు, బీరువాలోకి మారింది.

రెండు వారాలుగా పైపెదవి దగ్గర కొంచెం పీకుతోంది, తోలు మీద ఎంత ఆడించినా పోవడం లేదు, అంటే ఇక రాయి మీదికి వెళ్లాల్సిందే. బాబాయ్ దగ్గర పాత రాయి ఉంది, ఈ శనివారం షాపు మూసే వేళకి రమ్మన్నారు, ఎదురుగా కూర్చోబెట్టి నా చేతే నూరిస్తానన్నారు. ఒప్పుకుంటే కెమెరా కూడా తీసుకెళ్తాను.