ఇంటిల్లిపాదీ కలిసి పాడుకునే పాట

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

పిల్లలూ పెద్దలూ కలిసి ఆనందించే జానపద బాణీ పాటలను గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. మన జానపద సంప్రదాయంలో పెద్దలకు ఒక మూట, పిల్లలకు ఒక మూట అని విడదీసి కట్టిన పాటలు తక్కువ. ఒకే పాటలో ఒళ్ళో బిడ్డకు ఒక పని, ఆరేళ్ళ పిల్లకు మరొక పని, తల్లికి వేరొక పని ఉంటాయి. పెద్దలకు కూడా పని ఉన్న పాటనే పెద్దలు విసుగు లేకుండా పాడగలరని, పెద్దలు మనసు పెట్టి పాడే పాటనే పిల్లలు పట్టుకుంటారని నా గట్టి నమ్మకం.

కాళ్ళాగజ్జె కంకాళమ్మ పాటనే చూడండి. పిల్లలంతా వరుసగా కూర్చుని కాళ్ళు చాపుతారు. ఇంటి పెద్దావిడ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క కాలు తడుతూ పాడుకుంటూ పోతుంది. వేగుచుక్క, వెలగమొగ్గ, మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి, బావి కాదు బచ్చలికూర అంటూ, ముందు చెప్పినదాన్ని కాదంటూనే దాని కొస పట్టుకుని మరొకటి పుట్టుకొస్తుంది. చివరి మాట ఏ కాలి మీద పడితే ఆ కాలు ముడవాలి. మూడేళ్ళవాడికి ఇందులో అందేది ఆ తాకిడి, ఆ లయ మాత్రమే. ఐదేళ్ళ పిల్ల తన వంతు ఎప్పుడొస్తుందా అని కాళ్ళ వరుస మీదే కన్ను వేసి ఉంచుతుంది. ఏడెనిమిదేళ్ళవాడు గొలుసు కిటుకు కనిపెట్టి, నానమ్మ కంటే ముందే తరువాతి మాట అందుకుంటాడు. ఇక నానమ్మకు ఉన్న స్వేచ్ఛ చూడండి. ఆవిడ చివరి పాదాన్ని ఒక మాట సాగదీసి, అలిగి కూర్చున్న మనవడి కాలి దగ్గరే పాట ఆగేలా చేయగలదు. తోచినప్పుడు మధ్యలో ఒక కొత్త వస్తువును చొప్పించి అందరినీ నవ్వించగలదు. నాలుగు వయసుల వారికి నాలుగు రకాల పని కల్పించిన ఈ పాటకు కావలసిన సరంజామా పది కాళ్ళు, ఒక చెయ్యి, అంతే.

ఇదే నేర్పు బతుకమ్మ పాటల్లో ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే ఆ రోజుల్లో, పాట తెలిసిన ఒకామె సగం పాదం చెబుతుంది, చుట్టూ ఉన్నవారంతా చప్పట్లతో "ఉయ్యాలో" అనో "చందమామ" అనో అందుకుంటారు. కథంతా తెలిసినది ముందు నడిచే ఆమెకే అయినా, మొదటిసారి వలయంలో అడుగు పెట్టిన నాలుగేళ్ళ పిల్ల కూడా రెండో పాదానికల్లా పాటలో కలిసిపోతుంది. ఒక్కేసి పువ్వు, రెండేసి పువ్వు అంటూ పెరిగే పాటలో లెక్క వచ్చిన పిల్లలు తరువాతి పాదాన్ని తామే అందిస్తారు. విదేశాల్లో పుట్టి, తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా బతుకమ్మ చుట్టూ వెనకాడకుండా పాడగలగడానికి కారణం ఈ నిర్మాణమే అనిపిస్తుంది.

సంగీతపరంగా ఒక మాట చెప్పాలి. ఈ పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల లోపలే తిరుగుతాయి. దాన్ని కొందరు పేదరికంగా చూస్తారు గాని, కుటుంబ గానానికి అదే ఆయువుపట్టు. తండ్రి తన గొంతుకు హాయిగా ఉంటుందని ఒకటి శ్రుతిలో, అంటే తగ్గు స్థాయిలో అందుకుంటే పసిపిల్లలకు కింది స్వరాలు అందక పాట గొణుగుడుగా మారుతుంది. అదే కాస్త ఎత్తయిన నాలుగు శ్రుతిలో ఎత్తుకుంటే, పాట షడ్జమం నుంచి పంచమం దాకానే (స నుంచి ప దాకానే) ఉంటుంది కనుక, తండ్రి తన స్థాయిలో, పిల్లలు పై స్థాయిలో ఇబ్బంది లేకుండా కలిసి పాడగలరు. ఇంట్లో పాడే ముందు పిల్లల గొంతుకు సరిపోయే శ్రుతి వెతుక్కోండి. పెద్దలు సర్దుకోవాలి గాని పిల్లలు కాదు.

పెద్దల మనసుకు ఈ పాటల్లో దక్కేది ఏమిటన్న ప్రశ్న నాకు మరీ ముఖ్యం. అన్నమయ్య (1408–1503) లాలి, జోల, గొబ్బి, సువ్వి వంటి ఇంటి పాటల వరసలను తీసుకుని వేంకటేశ్వరుడికి సంకీర్తనలు కట్టాడంటే, ఆ వరసల్లో పెద్దల భావానికీ చోటు ఉన్నదన్నమాట. స్త్రీల రామాయణపు పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఉన్నది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోతూనే ఉంటుంది, తిరిగివచ్చిన భర్తను పోల్చుకోలేక పరాయి పురుషుడనుకుని మందలిస్తుంది. పక్కన చేరి వినే పిల్లకు అన్నేళ్ళ నిద్ర ఒక వింత. పాడే తల్లికి అందులో వాల్మీకి చెప్పని ఒక ఆడమనిషి బాధ కనిపిస్తుంది. ఒకే పాట ఇద్దరికీ రెండు రకాలుగా నిండుగా ఉండడమంటే ఇదీ. ఈ నిండుతనం లేని పాటలను, ఎంత ముద్దుగా ఉన్నా, పెద్దలు పిల్లల కోసం భరిస్తారు తప్ప పాడరు.

ఈ సంపదను కాపాడినవారిని స్మరించుకోవాలి. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, ఆ అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేశారు. నేదునూరి గంగాధరం గారు ఎన్నో పాటలు సేకరించారు. వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి జానపద బాణీలను సభావేదికల మీదికి తెచ్చారు. 1938లో మొదలైన మద్రాసు రేడియో కేంద్రం ద్వారా పిల్లలకు దగ్గరైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగువారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనే పిలిచారు. పిల్లల కార్యక్రమంలో పిల్లల గొంతే వినబడాలన్నది వారి పద్ధతి.

అమెరికాలో షికాగోకు చెందిన పిల్లల పాటల గాయని ఎల్లా జెంకిన్స్ కూడా ఈ దారినే నడిచారు. 1957లో వచ్చిన ఆమె మొదటి రికార్డు నిండా ఒకరు చెబితే మిగిలినవారు అందుకునే పాటలే. మన బతుకమ్మ వలయం సంగతి ఆమెకు తెలిసినా తెలియకపోయినా, పిల్లలను పాటలోకి తీసుకురావడానికి ఆమె ఎంచుకున్న పద్ధతి అదే.

ఇప్పుడు ఫోనులో కావలసినన్ని తెలుగు పిల్లల పాటలు దొరుకుతున్నాయి. వాటిని నేను తప్పుపట్టను, కాని అవి ఆగవు. చిట్టి చిలకమ్మను అమ్మ ప్రశ్న అడిగి, బిడ్డ నోరు కదిపే దాకా వేచి ఉంటుంది. తెర మీది పాట ప్రశ్న అడిగి, జవాబు కూడా తానే చెప్పుకుని వెళ్ళిపోతుంది. కనుక ఫోనులో నుంచి పాట నేర్చుకోవలసినది తల్లిదండ్రులు. నేర్చుకున్నాక ఫోను పక్కన పెట్టి, బిడ్డ పేరు కలిపి, బిడ్డ నడకకు తగిన వేగంలో పాడాలి.

పాత పాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే పాడాలని నేను అనను. బుర్రుపిట్ట పాటలో మొగుడి చేత మొట్టికాయ తింటానన్న పాదం బాల్యవివాహాల కాలపు మాట. పుస్తకంలో దాన్ని అలాగే అచ్చు వేయాలి, పసిపిల్ల చేత మాత్రం పాడించనక్కరలేదు. ఆ చోట లయకు సరిపోయే మరో పాదం పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఈ పాటలు నోటినోటా మారుతూ వచ్చినవే. అయితే మార్చే ముందు మూలాన్ని భద్రపరచాలి. మీ ఇంట్లో పెద్దవారు పాడుతుంటే ఫోనులో రికార్డు చేసి, ఏ ఊరి పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పండుగకు లేదా ఏ ఆటకు పాడేవారు అన్న మూడు సంగతులు పాటకు ముందే వారి గొంతుతోనే చెప్పించండి. పుస్తకంలో మరోలా ఉందని వారి మాటను దిద్దకండి. గోదావరి జిల్లాల్లో ఒకలా, కరీంనగర్‌లో మరొకలా ఉంటే రెండూ రాసుకోండి, రెండూ పిల్లలకు నేర్పండి.