పది గెలుపులు, పది ఓటములు, ఒక సై యంగ్: పైరేట్స్ యజమానిపై స్టూడియో చర్చ

(నవంబరు 2025లో, పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) పాల్ స్కీన్స్‌కు, ఏటా మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం ప్రకటించిన వారంలో, పిట్స్‌బర్గ్‌లోని తెలుగు అభిమానులతో జరిగిన చర్చకు ఇది లిఖిత ప్రతి. ఒకరి మాటకు మరొకరు అడ్డుపడిన చోట్లను ఉన్నది ఉన్నట్టుగానే ఉంచాము.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. మన ఊరి పిచర్ పాల్ స్కీన్స్‌కు నేషనల్ లీగ్ సై యంగ్ పురస్కారం వచ్చింది. ఓటు వేసిన 30 మంది విలేకరులూ ఏకగ్రీవంగా అతనికే మొదటి స్థానం ఇచ్చారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.97 పరుగులు మాత్రమే ఇచ్చిన ఆ కుర్రవాడి ఖాతాలో మాత్రం పది గెలుపులు, పది ఓటములు ఉన్నాయి. పైరేట్స్ జట్టు 71 ఆటలు గెలిచి 91 ఓడిపోయింది. ఈ పాపం యజమాని బాబ్ నట్టింగ్‌దా, లేక జీతాలకు పరిమితి పెట్టుకోని బేస్‌బాల్ వ్యవస్థదా అన్నది ఈనాటి ప్రశ్న. మన మధ్య ఒక విశ్రాంత ఇంజనీరు, ఒక ఆడిటరు, కార్నెగీ మెలన్‌లో గణాంకశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తానని ముందే మాట ఇస్తున్నాను. ఇంజనీరు గారూ, మీతో మొదలుపెడదాం.

ఇంజనీరు: నేను ఈ ఊరికి 1979లో వచ్చాను. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి వెలసి అప్పటికి రెండేళ్లయింది. ఆదివారం దర్శనం చేసుకుని వస్తే, పక్క వాటాలోని ఉక్కు కార్మికుడు నన్ను కూర్చోబెట్టి బేస్‌బాల్ నేర్పాడు. ఆ అక్టోబరులోనే విల్లీ స్టార్‌జెల్ ఆడిన పైరేట్స్ జట్టు బాల్టిమోర్ మీద ఒకటికి మూడు ఆటలతో వెనుకబడి, తర్వాత వరుసగా మూడూ గెలిచి బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ తెచ్చింది. ఈ జట్టు అంటే ఇలాగే ఉంటుందని అప్పుడు నమ్మాను. ఆ తర్వాత 46 ఏళ్లు గడిచాయి, ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. 1993 నుంచి 2012 వరకు వరుసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అమెరికాలో ఏ పెద్ద ఆటలోనూ ఏ జట్టూ అంతవరకు ఇలాంటి రికార్డు మూటగట్టుకోలేదు. ఒక యజమాని చేతిలో —

ఆడిటరు: క్షమించాలి, ఒక దిద్దుబాటు. నట్టింగ్ ప్రధాన యజమాని అయింది 2007లో. ఆ ఇరవై ఏళ్ల లెక్కలో మొదటి పద్నాలుగు ఆయన పద్దులో వేయడం న్యాయం కాదు.

ఇంజనీరు: సరే, 2007 నుంచే లెక్కపెట్టండి. పందొమ్మిది సీజన్లలో ప్లేఆఫ్‌లకు వెళ్లింది మూడు సార్లు, 2013, 2014, 2015లో. డివిజన్‌లో, అంటే మన విభాగంలో, మొదటి స్థానం గెలిచింది సున్నా సార్లు. 2021లో 101 ఓటములు, 2022లో 100 ఓటములు. ఇవి నా పద్దులో వేయమంటారా?

సంధానకర్త: ఇక్కడే నా ప్రశ్న. నదికి అదే ఒడ్డున, పైరేట్స్ మైదానం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ మైదానం ఉంది. అదే ఊరు, అదే జనాభా, అయినా వాళ్ల ఆటలో ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్‌లు ఆరు గెలిచారు. ఫుట్‌బాల్‌లో జీతాలకు పరిమితి ఉంది, బేస్‌బాల్‌లో లేదు. అసలు తేడా అక్కడే లేదా?

ఆడిటరు: నేను చెప్పదలచుకున్నదీ అదే. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌కు స్థానిక టీవీ ఒప్పందం ఒక్కటే 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్లు. ఆ జట్టు షోహెయ్ ఓటానీకి పదేళ్లకు 70 కోట్లు రాసిచ్చింది, అందులో ఏడాదికి 6 కోట్ల 80 లక్షల చొప్పున వాయిదా వేసుకుంది. న్యూయార్క్ మెట్స్ జట్టు హువాన్ సోటోకు 15 ఏళ్లకు 76 కోట్ల 50 లక్షలు ఇచ్చింది. మన ఊరి ప్రసార ఛానల్ 2023లో చేతులెత్తేస్తే, హాకీ జట్టు పెంగ్విన్స్ పంచన చేరాల్సి వచ్చింది. ఈ ఆదాయంతో ఆ జీతాలు ఇవ్వమనడం —

ఇంజనీరు: ఓటానీని తెమ్మని ఎవరు అడిగారు? నాకు ఓటానీ వద్దు! మిల్వాకీ మనకన్నా పెద్ద ఊరేమీ కాదు. ఈ ఏడాది అక్కడి జట్టు బ్రూవర్స్ 97 ఆటలు గెలిచి మొత్తం లీగ్‌లోనే ముందు నిలిచారు. కాన్సాస్ సిటీ మనలాంటిదే, బాబీ విట్‌కు 11 ఏళ్లకు 28 కోట్ల 80 లక్షలకు పైగా ఇచ్చి కట్టిపడేసుకున్నారు. మన జట్టు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం ఎంతో తెలుసా? 2023లో బ్రయాన్ రెనాల్డ్స్‌కు 8 ఏళ్లకు 10 కోట్ల 67 లక్షల 50 వేలు. 1887 నుంచి నేషనల్ లీగ్‌లో ఉన్న జట్టు ఇచ్చిన అతి పెద్ద చెక్కు అది!

విద్యార్థిని: అంకుల్, నేను ఒక్క మాట —

ఇంజనీరు: ఒక్క నిమిషం అమ్మా, పూర్తి చేయనివ్వు. ఈ సీజన్ మొదటి రోజున మన జట్టు జీతాల మొత్తం పది కోట్లు దాటలేదు, డాడ్జర్స్‌ది 30 కోట్లు దాటింది. ఆ తేడా ఎప్పుడూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మన చేతిలో ఉన్న దానితోనైనా గెలవాలన్న కసి ఉందా లేదా అన్నది నా ప్రశ్న. 2015లో 98 గెలుపులు వచ్చాయి. ఆ శీతకాలంలో ఏం చేశారు? ఇంకొక మెట్టు ఎక్కాల్సిన చోట మన ఊరి కుర్రవాడు నీల్ వాకర్‌ను మెట్స్‌కు పంపి, జాన్ నీస్‌ను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది 78 గెలుపులకు పడిపోయాము. వంటంతా అయ్యాక వడ్డించే వేళకు పొయ్యి ఆర్పేసినట్టు చేశారు.

సంధానకర్త: జీతాల పరిమితి ఉండి ఉంటే వాకర్ ఇక్కడే ఉండేవాడని మీరు అనుకోరా?

ఇంజనీరు: పరిమితి లేనందువల్ల వాకర్ పోలేదు! వాకర్‌ను మెట్స్ కొనుక్కోలేదు, మనమే ఇచ్చేశాము. 2018 జనవరిలో గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు, అదే నెలలో ఆండ్రూ మెక్‌కచెన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశాము. అదే ఏడాది జూలైలో టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ టాంపాకు ఇచ్చి క్రిస్ ఆర్చర్‌ను తెచ్చుకున్నాము. టాంపాకు మనకన్నా డబ్బు ఎక్కువ ఉందా?

ఆడిటరు: ఆర్చర్ ట్రేడ్ జట్టును నడిపే అధికారులు చేసిన తప్పు. యజమాని ఆ రోజు గెలవడానికే సరేనన్నాడు. ఖర్చు చేయకపోతే పిసినారి అంటారు, సరేనంటే తెలివితక్కువవాడు అంటారు. ఆయన ఏ పక్కకు తిరిగినా మీ కర్ర సిద్ధంగా ఉంటుంది.

సంధానకర్త: విద్యార్థిని గారికి అవకాశం ఇద్దాం. మీ తరం దీన్ని ఎలా చూస్తోంది?

విద్యార్థిని: నాకు పదేళ్లప్పుడు, 2013 అక్టోబరు 1న నాన్న నన్ను పైరేట్స్ మైదానం పీఎన్‌సీ పార్కుకు తీసుకెళ్లారు. 21 ఏళ్ల తర్వాత మొదటి ప్లేఆఫ్ ఆట అది. అందరూ నల్ల చొక్కాలు వేసుకుని వచ్చారు, 40 వేల మందికి పైగా ఉన్నారు. సిన్సినాటి పిచర్ క్వేటో పేరును సాగదీసి పిలవడం మొదలుపెట్టారు. అరుపు ఎంత పెరిగిందంటే, నేను ముందున్న కమ్మీని పట్టుకుంటే అది అదురుతూ నా చేతికి తగిలింది. అప్పుడు క్వేటో చేతిలోని బంతి జారి కింద పడింది. అతను వంగి దాన్ని తీసుకున్నాడు. మరుసటి బంతినే రస్సెల్ మార్టిన్ ఎడమవైపు స్టాండ్లలోకి కొట్టాడు. ఈ ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదని, టికెట్లు కొనరని ఎవరైనా అంటే నాకు ఆ కమ్మీ గుర్తొస్తుంది. ఆడిటర్ అంకుల్ ఆదాయం గురించి చెప్పారు, కానీ ఆదాయం గెలుపు వెనకాలే వస్తుందని ఆ రాత్రి నేను చూశాను. ఇప్పుడు స్కీన్స్ —

సంధానకర్త: చాలా బాగా చెప్పారు. ఐపీఎల్‌లో చూడండి, 2025 సీజన్ వేలంలో ప్రతి జట్టుకూ 120 కోట్ల రూపాయల పరిమితి పెట్టారు. సన్‌రైజర్స్ అయినా, ముంబయి అయినా పరిమితికి మించి పెట్టలేరు. ఇక్కడ కూడా అలా పెట్టుకుంటే —

ఇంజనీరు: పై హద్దు పెడితే కింది హద్దు కూడా పెట్టాలి కదా! అది ఎవరూ మాట్లాడరు. ఫుట్‌బాల్‌లో కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలన్న నియమం ఉంది. బేస్‌బాల్‌లో జట్లన్నీ స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక కుండలో వేసి సమానంగా పంచుకుంటాయి. ఆ పంపకంలో మనలాంటి చిన్న ఊరికి లాభం వస్తుంది. ఆ డబ్బు జట్టును బాగు చేయడానికి వాడాలని ఒప్పందంలో రాసుకున్నారు. 2018లో ఆటగాళ్ల సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది, వాటిలో మన జట్టు ఒకటి. అది చాలదా?

ఆడిటరు: ఫిర్యాదు చేసినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. దాన్ని తీర్పులా చెప్పకండి.

ఇంజనీరు: నేను తీర్పు అనలేదు, ఫిర్యాదు అన్నాను. పైగా మైదానం ఎవరి డబ్బుతో కట్టారు? 1997లో అమ్మకపు పన్ను పెంచుతామంటే ఓటర్లు వద్దని ఓడించారు. అయినా రెండో పథకం పేరుతో ప్రజల సొమ్మే తెచ్చి, 2001లో ఆ పార్కు తెరిచారు. అమెరికాలోనే అంత అందమైన మైదానం లేదంటారు, నేనూ ఒప్పుకుంటాను. కుడివైపు గోడ 21 అడుగులు, మన పాత మేటి ఆటగాడు రాబర్టో క్లెమెంటే వేసుకున్న చొక్కా నంబరు గుర్తుగా. ఈ ఏప్రిల్‌లో ఆ గోడ మీద ఉన్న క్లెమెంటే నంబరును తీసేసి, ఆ చోట ఒక పానీయం ప్రకటన పెట్టారు! భూకంపం వచ్చిన నికరాగువాకు సహాయ సామగ్రి తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం కూలి చనిపోయిన మనిషి నంబరు అది. గొడవ అయ్యాక తిరిగి పెట్టారు. అభిమానులు డబ్బు కట్టి పేర్లు చెక్కించుకున్న ఇటుకలు ఒక పాత సామాన్ల యార్డులో కుప్పగా కనిపించాయి. అదీ ఈ ఏడాదే.

ఆడిటరు: ఇటుకలకూ జీతాలకూ సంబంధం ఏమిటి?

ఇంజనీరు: నిబద్ధతకు సంబంధం ఉంది!

ఆడిటరు: ఆ ప్రకటన విషయంలో యాజమాన్యం తప్పు ఒప్పుకుంది. నేను అడిగేది వేరు. మన ఆటగాళ్లలో మిచ్ కెల్లర్‌కు 5 ఏళ్లకు 7 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చారు, హేస్‌కు 8 ఏళ్లకు 7 కోట్లు ఇచ్చారు. ఇవి ఖర్చులు కావా?

ఇంజనీరు: హేస్‌ను ఈ జూలైలో సిన్సినాటికి పంపేశారు. ఆ ఖర్చు ఇప్పుడు ఎవరిది?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. కొన్ని మాటలు వినిపించలేదు.)

సంధానకర్త: దయచేసి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. మన వాళ్లకు తెలిసిన ఒక విషయం గుర్తు చేస్తాను. 2008లో ఉత్తర ప్రదేశ్ నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రవాళ్లకు ఒప్పందం ఇచ్చిన జట్టు పైరేట్సే. అది నట్టింగ్ హయాంలోనే జరిగింది. దాన్ని మెచ్చుకోవద్దా?

ఇంజనీరు: మెచ్చుకుంటాను. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. కానీ అది చవకగా చేసిన మంచి పని. చవకైన పనులన్నీ ఈ యాజమాన్యం బాగా చేస్తుంది. ఖరీదైన పని ముందుకు వచ్చినప్పుడే వెనకడుగు వేస్తుంది.

విద్యార్థిని: నేను ఇందాక స్కీన్స్ దగ్గర ఆగాను. అతనికి 2023 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే చోట, 92 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చారు, అప్పటికి అదే రికార్డు, అది ఒప్పుకోవాలి. కానీ ఈ ఏడాది అతని జీతం 8 లక్షల 75 వేలు. మొదటి మూడు సీజన్లు జట్టు నిర్ణయించినంతే ఇస్తారు, ఆ తర్వాత మధ్యవర్తి ముందు బేరం మొదలవుతుంది, 2029 సీజన్ ముగిశాక అతను ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు. అంటే లీగ్‌లో అందరికన్నా మంచి పిచర్, దాదాపు అందరికన్నా తక్కువ జీతానికి మన దగ్గర ఉన్న కాలం ఇదే. ఆ మిగిలిన డబ్బుతో బ్యాటర్లను తెచ్చుకోవాల్సిన కాలం కూడా ఇదే. ఈ ఏడాది మొత్తం 30 జట్లలో హోమ్ రన్‌లు, అంటే మన సిక్సర్ లాంటి కొట్టుళ్లు, అందరికన్నా తక్కువ కొట్టింది మనమే. ఇవి కేవలం పది ఓటములు కావు, మనకు మళ్లీ రాని ఏడాది. ఇంకా నాలుగు ఉన్నాయి.

ఆడిటరు: ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. అయితే బ్యాటర్లు ఈ ఊరికి రావడానికి ఒప్పుకోవాలి కూడా. ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ ఉన్న ఆటగాడు, ఎవరైనా గెలిచే జట్టునే చూసుకుంటాడు, అందువల్ల మనం —

ఇంజనీరు: గెలవదు కాబట్టి రారు, రారు కాబట్టి గెలవదు! ఈ చక్రాన్ని ఎవరు తెంచాలి? డబ్బు ఉన్నవాడే తెంచాలి. జనవరిలో అభిమానుల సభలో యజమాని జట్టును అమ్మేయాలని నినాదాలు చేశారు. ఏప్రిల్‌లో మొదటి హోమ్ ఆట రోజున మైదానం మీదుగా అదే మాట రాసిన బ్యానర్‌తో విమానం తిరిగింది. మే నెలలో మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తీసేశారు. పైవాడికి తగిలిన రాయికి కిందివాడు బలయ్యాడు.

సంధానకర్త: ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. యజమానులు జీతాల పరిమితి అడుగుతారనే అందరూ అనుకుంటున్నారు. 1994లో ఆ గొడవతోనే సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది. పరిమితి వస్తే పైరేట్స్ మళ్లీ నిలబడతారా? ఆడిటర్ గారూ, మీరు చెప్పండి.

ఆడిటరు: నిలబడతారు. కానీ అది ఒక్కటే చాలదని నేనూ అంటాను. కింది హద్దు ఉండాలన్న —

ఇంజనీరు: అదే నేను మొదటినుంచీ చెబుతున్నాను!

ఆడిటరు: నా వాక్యం పూర్తి కాలేదు. కింది హద్దు ఉండాలన్న మాట న్యాయమే, అయితే అందుకు పెద్ద జట్లు ఇచ్చే వాటా పెరగాలి. అది జరగకుండా ఒక్క నట్టింగ్‌నే బోనులో నిలబెడితే —

ఇంజనీరు: ఆయన్ను కాక ఎవరిని నిలబెట్టాలి? జట్టు కాగితాల మీద ఎవరి పేరు ఉంది? 1979లో నా పక్కన కూర్చుని ఆట నేర్పిన ఆ ఉక్కు కార్మికుడు ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఇప్పటికీ సీజన్ టికెట్లు కడుతున్నాడు. డబ్బు లేదని అతను ఏ సంవత్సరం మానేయలేదు.

సంధానకర్త: సమయం దగ్గరపడింది. విద్యార్థిని గారూ, ఒక్క వాక్యంలో చెప్పండి, జీతాల పరిమితి ఉండాలా, వద్దా?

విద్యార్థిని: నా ప్రశ్న అది కాదండి. 2029 లోపల ఈ నాలుగు సీజన్లలో ఏం చేస్తారో ఆయన్ను —

ఇంజనీరు: ఆయన ఏమీ చేయరు అమ్మా, నేను 46 ఏళ్లుగా చూస్తున్నాను —

ఆడిటరు: ఆయన వచ్చి పందొమ్మిదేళ్లే అయిందని ముందే చెప్పాను, ఇంకా —

(ఇక్కడితో ప్రసారానికి కేటాయించిన సమయం ముగిసింది.)